పచ్చళ్ల ఆన్‌లైన్ ఆర్డర్లు: సిస్టమ్ ముందే పెంచుకోవాలా, పని మీద పడ్డాక పెంచుకోవాలా, ఏది మేలు?

ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తున్నాయి, సొంత వెబ్‌సైట్, స్టాక్ లెక్కలు, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో కస్టమర్ కట్టే డబ్బు మనకి చేర్చే ఏర్పాటు) ఇప్పుడే పెట్టుకోవాలా, ఇంకాస్త పెరిగాక చూసుకోవచ్చా? పచ్చళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఏటా వచ్చే ప్రశ్నే ఇది. నన్నడిగితే ఆర్డర్లు ఎన్ని వస్తున్నాయని కాదు, పొరపాట్లు ఎన్ని జరుగుతున్నాయని చూసుకోవాలి.

ముందే పెట్టుకుంటే సీజన్‌లో టెన్షన్ ఉండదు, నిజమే. కానీ ఆన్‌లైన్ దుకాణం తెరుచుకునే షాపిఫై లాంటిదానికి అమ్మినా అమ్మకపోయినా నెలనెలా కట్టాలి, కార్డు పేమెంట్ల మీద గేట్‌వే వాళ్లు రెండు శాతం దాకా పట్టుకుంటారు, పైగా మీ కస్టమర్లు "అక్కా, ఈసారి కారం కాస్త తగ్గించి పంపండి" అని మెసేజ్ పెట్టే పాతవాళ్లే అయితే వెబ్‌సైట్ తెరిచి కూడా చూడరు. రోజుకి పదో పదిహేనో ఆర్డర్లయితే వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టి, డబ్బు వచ్చింది, ప్యాక్ అయింది, కొరియర్‌కి ఇచ్చాం అని లేబుల్స్ తగిలించుకుంటే చాలు.

మరీ ఆగితే మాత్రం ఆవకాయ దగ్గర గట్టి దెబ్బే. కాయ దొరికేది ఎండాకాలంలోనే, అప్పుడు పెట్టిన జాడీలతోనే ఏడాదంతా అమ్మాలి, ఆగస్టులో ఎవరడిగినా మళ్లీ పెట్టలేం. ఇద్దరు రెండు ఫోన్లలో ఆర్డర్లు తీసుకుంటుంటే మిగిలిన ఒక్క కిలో ఇద్దరికి అమ్ముడుపోతుంది. డబ్బుల సంగతి ఇంకా చిక్కు. ఆర్డర్ పెట్టేది బెంగళూరులో ఉన్న కూతురు, ఫోన్‌పే చేసేది వాళ్లాయన, పార్సిల్ వెళ్లాల్సింది కాకినాడలో వాళ్లమ్మకి! స్క్రీన్‌షాట్‌లో ఒక పేరు, చాట్‌లో ఒకటి, అడ్రస్‌లో ఇంకొకటి, ఇవన్నీ రాత్రి కూర్చుని కలుపుకోవాలి.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే పెడితే జనం ఒక్కసారిగా వచ్చిపడి సైట్ మొరాయించింది, కొన్ని ఆర్డర్లు రద్దయ్యాయి, వ్యవస్థాపకులే కస్టమర్లకి క్షమాపణ చెప్పుకున్నారు.

అమెజాన్ లాంటి చోట పెడితే సిస్టమ్ గొడవ వాళ్లదే కదా అంటారు. కానీ వాళ్లకి కమిషన్ పోతుంది, కస్టమర్ ఫోన్ నంబర్ మన చేతికి రాదు, వేరే రాష్ట్రానికి అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మన పేరు తెలియని ఊళ్లకి వెళ్లాలనుకుంటే మంచిదే, లెక్కలు కుదరడం కోసమైతే వద్దు.

నా ఓటు రెండిటికీ మధ్యలో. ఒకే జాడీ రెండుసార్లు అమ్ముడుపోవడం, ప్యాకింగ్ కంటే డబ్బులు సరిచూసుకోవడానికే ఎక్కువసేపు పట్టడం, ఈ రెండూ కనిపించాయంటే పెంచుకునే టైమ్ వచ్చేసినట్టే. అయినా మే నెలలో మాత్రం దేన్నీ కదపకండి, అప్పుడు ఎలాగోలా ఆర్డర్లు రాసుకునే పుస్తకంతోనే నెట్టుకురండి. వానలు పడి ఆర్డర్లు తగ్గాక మొదలుపెడితే సంక్రాంతికి వచ్చే ఆర్డర్లతో పరీక్ష అయిపోతుంది, వేసవికి చేయి తిరిగి ఉంటుంది. అప్పుడు కూడా మొదట పెట్టాల్సింది అందరికీ ఒకేచోట కనిపించే స్టాక్ లెక్క, తర్వాత ఆర్డర్‌కి పేమెంట్ దానంతటదే కలిసే ఏర్పాటు, సైట్ అందం చివర్న. మొదటి రెండు వారాలు పాత పుస్తకంలో కూడా రాస్తూ ఉండండి, రెండు లెక్కలూ కలిశాకే పుస్తకం పక్కన పెట్టండి.