ముందు పాఠమా, ముందు సమస్యా: పెద్దల శిక్షణకు ఏది మేలు?

"పెద్దవాళ్లకు పాఠాలు చెబితే ఎక్కవు, పని అప్పజెప్పి నేర్పాలి." శిక్షణ ఇచ్చేవాళ్లు తరచూ అనే మాట ఇది. నా లెక్కలో ఇది సగమే నిజం.

ఆఫీసులో కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పాలనుకుందాం. మొదటి పద్ధతిలో ట్రైనర్ వరసగా ఒక్కో మెనూ తెరిచి చూపిస్తాడు. ఏ బటన్ ఎప్పుడు పనికొస్తుందో చెప్పడు. కాసేపటికి వెనక బెంచీల్లో ఫోన్లు బయటికొస్తాయి. రెండో పద్ధతిలో "ఒకే కస్టమర్‌కు రెండుసార్లు బిల్లు పడింది, సరిచేయండి" అని వదిలేస్తాడు. అనుభవజ్ఞులు వెంటనే "పాత దాంట్లో క్యాన్సిల్ చేసేవాళ్లం, ఇందులో ఎక్కడుంది?" అంటూ వెతుకుతారు. ప్రశ్న వాళ్లదే కాబట్టి జవాబూ గుర్తుంటుంది. అదే నిన్నగాక మొన్న చేరినవాళ్లకు, బిల్లు రద్దయితే సరుకు మళ్లీ స్టాక్‌లో కలవాలన్న సంగతే తెలియదు. ఏం వెతకాలో తెలియక టెన్షన్ పడతారు.

పెద్దల విద్య గురించి విస్తృతంగా రాసిన మాల్కం నోల్స్ కూడా 1970లో పిల్లల బోధననూ పెద్దల బోధననూ ఎదురెదురుగా నిలబెట్టాడు. 1980 నాటికి అభిప్రాయం మార్చుకుని, సందర్భాన్ని బట్టి రెండూ అవసరమేనన్నాడు. విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ బృందం పరిశోధనలూ ఇటే చూపిస్తాయి. విషయం కొత్తయినవాళ్లకు, పూర్తిగా చేసి చూపిన నమూనా మేలు. పట్టు వచ్చాక అదే నమూనా అడ్డం అవుతుంది.

కాబట్టి వయసు, హోదా చూడొద్దు. మొదట్లోనే చిన్న పని ఇచ్చి, ఎవరికి ఎంత తెలుసో చూసి బ్యాచ్‌లు విడదీయండి. తెలిసినవాళ్లకు ముందు సమస్య ఇవ్వండి. కొత్తవాళ్లకు ముందు పూర్తి నమూనా, తర్వాత సగం చేసిన బిల్లు, ఆ తర్వాతే ఖాళీ స్క్రీన్. "ఇది నాకెందుకు?" అన్నదానికి మాత్రం ఇద్దరికీ మొదటే జవాబు చెప్పాలి.

ఇక ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూసుకునే వీడియోలంటారా, మర్చిపోయింది మళ్లీ చూసుకోవడానికి బాగుంటాయి. వాటినే శిక్షణ అనుకుంటే చాలామంది స్పీడు పెంచి, చివరి క్విజ్‌లో ఏదో ఒకటి నొక్కి బయటపడతారు.

బ్యాచ్‌లు విడదీసే వీలు లేదా? సీనియర్‌నీ జూనియర్‌నీ జంటగా కూర్చోబెట్టొచ్చు, కానీ మౌస్ జూనియర్ చేతిలోనే ఉండాలి. లేకపోతే సీనియర్ చకచకా చేసేస్తాడు, పక్కనున్నవాడు తలూపుతూ కూర్చుంటాడు.