లినక్స్‌పై డావిన్సీ రిజాల్వ్ స్టూడియో: 295 డాలర్లు పెట్టొచ్చా?

డావిన్సీ రిజాల్వ్ వీడియోలు ఎడిట్ చేసి రంగులు దిద్దే ప్రోగ్రాం, స్టూడియో దాని డబ్బు కట్టే వెర్షన్. ప్రధానమైన పని కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) అయి, ఫుటేజీ సోనీ, రెడ్, బ్లాక్‌మ్యాజిక్ కెమెరాల నుంచి వస్తూ, మెషీన్‌లో ఎన్విడియా కార్డు ఉంటే లినక్స్‌పై డావిన్సీ రిజాల్వ్ స్టూడియో నిస్సంకోచంగా కొనొచ్చు. ఫోన్ వీడియోలు, గోప్రో క్లిప్పులు ఎక్కువగా వచ్చే చోట ఆడియో దగ్గర రోజూ ఒక అదనపు పని తప్పదు. ఉచిత వెర్షన్‌తోనే లినక్స్‌లో పెళ్లి వీడియోలు నెట్టుకొద్దామనుకునేవాళ్లు మాత్రం ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఈ మూడింటికీ కారణం ప్రోగ్రాం నాణ్యత కాదు. లినక్స్ వెర్షన్ వెనకున్న వ్యాపార లెక్కే.

రిజాల్వ్‌కు లినక్స్ కొత్త కాదు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన డావిన్సీ సిస్టమ్స్ దీన్ని లినక్స్ మెషీన్ల మీదే నడిపేది. అప్పట్లో పూర్తి సెటప్పుకు లక్షల డాలర్లు అయ్యేది. 2009లో ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొని, 2010లో మ్యాక్ వెర్షన్‌ను 995 డాలర్లకు తెచ్చింది. లినక్స్ వెర్షన్ మాత్రం పెద్ద స్టూడియోలకే అన్నట్టుగా ఉండిపోయింది. 2017లో స్టూడియో ధర 299కి దిగింది, లినక్స్‌కు ఉచిత వెర్షన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. ఇప్పుడు 295. ఒకసారి కడితే చాలు, నెలనెలా చందా లేదు. ఇన్నేళ్లుగా కొత్త వెర్షన్లకు విడిగా డబ్బు అడగలేదు. ఒక లైసెన్సు ఒకేసారి రెండు మెషీన్లలో పనిచేస్తుంది, వాటిలో ఒకటి విండోస్, ఒకటి లినక్స్ అయినా ఫర్వాలేదు. మూడో దాంట్లో యాక్టివేట్ చేస్తే పాతవాటిలో పోతుంది.

ఈ ధరకు కంపెనీకి ఏం మిగులుతుందన్న అనుమానం సహజం. బ్లాక్‌మ్యాజిక్ కెమెరాలు, డెక్‌లింక్ కార్డులు, గ్రేడింగ్ ప్యానెళ్లు అమ్ముతుంది. గ్రేడింగ్ చేసేవాడు రిజాల్వ్‌కు అలవాటుపడితే మానిటర్‌కు సరైన సిగ్నల్ పంపడానికి డెక్‌లింక్ కొంటాడు, ఆ తర్వాత ప్యానెల్ కొంటాడు. పాకెట్ సినిమా కెమెరా కొన్నవాళ్లకు స్టూడియో లైసెన్సు దాంతోనే వస్తుంది. కాబట్టి లినక్స్ వాడకందార్ల సంఖ్య తక్కువైనా, ఒక్కొక్కరి నుంచి వచ్చే ఆదాయం తక్కువ కాదు. లినక్స్ మార్కెట్ చిన్నదని తీసిపారేసే కంపెనీలు తలలు లెక్కపెడుతున్నాయి గానీ, ఒక్కో వాడకందారు వెనక ఎంత కొనుగోలు ఉందో చూడటం లేదు.

ఇక ఇన్‌స్టాలేషన్. లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) కంపెనీ అధికారికంగా బాధ్యత తీసుకునేది రాకీ లినక్స్ 8.6కే. దానికి సొంత ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ ఫైలు) కూడా ఇస్తుంది. డెస్క్‌టాప్ వర్క్‌స్టేషన్‌కు అదే వేయండి. ర్యామ్ 32 జీబీ, గ్రాఫిక్స్ మెమరీ కనీసం 4 జీబీ ఉండాలి. 4కే టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్ వాడితే 4 జీబీ చాలదు, గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందన్న హెచ్చరిక వస్తూనే ఉంటుంది. 12 జీబీ కార్డుకు వెళ్లడం మేలు. రాకీతో వచ్చే చిక్కు దాని పాత 4.18 కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం). కొత్త ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్పును అది గుర్తించకపోవచ్చు.

అందుకే చాలామంది ఉబుంటు, ఫెడోరాల మీద వేస్తారు. మొదటి ఇబ్బంది ఇక్కడే ఎదురవుతుంది. ఇన్‌స్టాలర్ ఒక యాప్‌ఇమేజ్ (అన్నీ ఒకే ఫైలులో ఉండే ప్రోగ్రాం), దానికి ఫ్యూజ్ 2 లైబ్రరీ కావాలి, కొత్త ఉబుంటులో అది ముందుగా ఉండదు. అది పెట్టాక ఏపీఆర్, అల్సా, జీలిబ్ లాంటి ప్యాకేజీలు లేవని ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. నిజానికి అవి ఉంటాయి. 2038 తర్వాతి తేదీల కోసం టైమ్‌ను 64 బిట్‌కు మార్చినప్పుడు ఉబుంటు 24.04లో ఆ ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేరింది. ఇన్‌స్టాలర్ పాత పేర్ల కోసం వెతుకుతుంది. స్కిప్ ప్యాకేజ్ చెక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1గా పెట్టి మళ్లీ నడిపితే ముందుకు పోతుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక ఐకాన్ నొక్కితే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా కనిపించదు. టెర్మినల్ నుంచి నడిపి చూడండి. అక్షరాలను పేర్చే పాంగో లైబ్రరీకి ఏదో సింబల్ దొరకలేదన్న సందేశం వస్తే కారణం ఇదీ: రిజాల్వ్ తనతోపాటు పాత జీలిబ్ తెచ్చుకుంటుంది, సిస్టమ్‌లోని కొత్త పాంగోకు అది సరిపోదు. ఆప్ట్ డైరెక్టరీలో రిజాల్వ్ కింద లిబ్స్ ఫోల్డర్ ఉంటుంది. అందులో లిబ్‌జీలిబ్, లిబ్‌జీఐఓ, లిబ్‌జీమాడ్యూల్ పేర్లతో మొదలయ్యే ఫైళ్లను పక్కన ఒక కొత్త ఫోల్డర్‌లోకి జరపండి. తొలగించొద్దు, తర్వాత అవసరం పడొచ్చు. ఇప్పుడు రిజాల్వ్ సిస్టమ్ లైబ్రరీలను తీసుకుని లేస్తుంది. ప్రతి అప్‌డేట్ తర్వాతా ఈ పని మళ్లీ చేయాలి. ఇవన్నీ తప్పించుకోవాలంటే ఫెడోరా కంటైనర్‌లో, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా, రిజాల్వ్‌ను నడిపే డావిన్సీబాక్స్ ఉంది. సిస్టమ్ అప్‌డేట్లు దాన్ని కదిలించవు కాబట్టి ల్యాప్‌టాప్ వాళ్లకు అదే నయం.

ఏఎండీ కార్డులు ఉన్నవాళ్లు మామూలు మెసా డ్రైవర్‌తో ఆగిపోకూడదు. ఏఎండీ ఇచ్చే రాక్ఎమ్‌లోని ఓపెన్‌సీఎల్ (కార్డుతో లెక్కలు చేయించే భాగం) విడిగా వేసి, యూజర్‌ను రెండర్, వీడియో గ్రూపుల్లో చేర్చాలి. లేకపోతే ప్రోగ్రాం కార్డును కనుక్కోదు. అయినా కొత్తగా కొనేవాళ్లకు మా సలహా ఎన్విడియానే. దాని సొంత డ్రైవర్‌తో దారి సులువు, కింద చెప్పే కోడెక్ (వీడియో, ఆడియోలను కుదించే పద్ధతి) విషయంలోనూ అదే కావాలి.

అసలు చిక్కు కోడెక్‌లది. లినక్స్ ఉచిత వెర్షన్ ఎక్కువ కెమెరాలు, ఫోన్లు వాడే హెచ్.264, హెచ్.265 వీడియోను చదవదు. క్లిప్పు మీడియా పూల్‌లోకి వచ్చినా బొమ్మ ఉండదు, ఆడియో గుర్తు ఒక్కటే కనిపిస్తుంది, లేదా ఏకంగా మీడియా ఆఫ్‌లైన్ అంటుంది. స్టూడియో వెర్షన్ ఎన్విడియా కార్డు సాయంతో రెండూ చక్కగా చదువుతుంది. ఫోన్ల వీడియోల్లో ఉండే కుదించిన ఏఏసీ ఆడియో మాత్రం 19వ వెర్షన్ వరకు డబ్బు కట్టినవాళ్లకూ లినక్స్‌లో లేదు.

దీనివల్ల ఏమవుతుందో లెక్కేసి చూడండి. పెళ్లికి రెండు మూడు కెమెరాలతో 10 గంటల ఫుటేజీ వచ్చిందనుకుందాం. సోనీ ఎక్స్ఏవీసీ ఎస్, 4కే, 100 మెగాబిట్లు అయితే గంటకు 45 జీబీ, మొత్తం 450 జీబీ. ఉచిత వెర్షన్ కోసం దీన్నంతా ఎడిటింగ్‌కు వాడే డీఎన్ఎక్స్హెచ్ఆర్ హెచ్‌క్యూ ఫార్మాట్‌లోకి మార్చాలి. ఆ ఫార్మాట్ 4కేలో సెకనుకు 80 ఎంబీ దాటుతుంది, అంటే గంటకు 300 జీబీ, పది గంటలకు 3 టీబీ. ఒక్క పెళ్లికి! దాని తక్కువ నాణ్యత రకం ఎస్‌క్యూకు దిగినా 2 టీబీ. ఎస్ఎస్‌డీలకు, మార్పిడికి పట్టే సమయానికి అయ్యే ఖర్చు నాలుగైదు పెళ్లిళ్లు తిరిగేసరికి 295 డాలర్లను మించిపోతుంది. అందుకే ఉచిత వెర్షన్ వద్దన్నాం.

స్టూడియో ఉంటే మార్చాల్సింది ఆడియో ఒక్కటే. సోనీ ఎక్స్ఏవీసీ ఎస్‌లో ఆడియో పీసీఎమ్ (కుదించనిది) కాబట్టి ఆ ఫైళ్లు నేరుగా టైమ్‌లైన్‌కు వెళ్తాయి. ఫోన్, గోప్రో ఫైళ్లలో ఏఏసీ ఉంటుంది. వాటికి ఫార్మాట్లు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంలో వీడియోను కాపీ పద్ధతిలో, అంటే ముట్టుకోకుండా, ఆడియోను 16 బిట్ పీసీఎమ్‌గా, ఔట్‌పుట్‌ను ఎంఓవీగా ఇవ్వండి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయదు కాబట్టి డిస్క్ వేగమే దాని వేగం, గంట క్లిప్పు కూడా నిమిషాల్లో అయిపోతుంది. ఫైలు పేరు మాత్రం మార్చకండి. ఒరిజినల్స్‌తో మళ్లీ జోడించాల్సి వస్తే పేరే ఆధారం.

ఫోన్ వీడియోల్లో ఇంకో మెలిక ఉంది. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు, వెలుతురు తగ్గితే తగ్గిస్తాయి. ఇరవై నిమిషాల ప్రసంగం అలా తీస్తే చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన ఉండదు. వీడియో కాపీ పద్ధతి దీన్ని సరిచేయదు. అలాంటి పొడవాటి క్లిప్పుల్ని మాత్రం 25 లేదా 30 స్థిర ఫ్రేములకు మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. ఔట్‌పుట్ ఇచ్చేటప్పుడూ ఇదే తంతు, తిరగేసి: రిజాల్వ్ నుంచి క్విక్‌టైమ్, హెచ్.264, లీనియర్ పీసీఎమ్‌గా తీసి, క్లయింట్‌కు ఎంపీ4 కావాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఆడియోను 320 కేబీపీఎస్ ఏఏసీకి మార్చాలి.

రిజాల్వ్ తెరవని అదే ఫోన్ ఫైలును ఉచిత వీడియో ఎడిటర్ కేడెన్‌లైవ్ ఏ గొడవా లేకుండా తెరుస్తుంది. కాబట్టి అడ్డు సాంకేతికమైనది కాదు. విండోస్, మ్యాక్‌లలో హెచ్.264, ఏఏసీ డీకోడర్లు (వాటిని చదివే భాగాలు) ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే వస్తాయి, వాటి లైసెన్సు సంగతి మైక్రోసాఫ్ట్, ఆపిల్ చూసుకున్నాయి. లినక్స్‌లో ఆ బాధ్యత ఎవరూ మోయరు కనుక ప్రోగ్రాం అమ్మే కంపెనీ మీదే పడుతుంది. హెచ్.264 పేటెంట్ల సమూహపు పాత రేటు కార్డు ప్రకారం ఏడాదికి మొదటి లక్ష కాపీలు ఉచితం, ఆపైన కాపీకి 20 సెంట్లు. ఉచితంగా పంచే ప్రోగ్రాంకు ఆ 20 సెంట్లు కూడా నష్టమే. కానీ 295 డాలర్లు కట్టినవాడి విషయంలో సెంట్లలో ఉండే రుసుము అసలు లెక్కలోకే రాదు. స్టూడియోలో ఏఏసీ లేకపోవడాన్ని మేం సమర్థించలేం. లినక్స్‌కు వచ్చిన కస్టమర్‌ను తిరిగి విండోస్‌కు పంపేది ఈ ఒక్క లోటే.

లినక్స్‌కు రావాలా వద్దా అని తేల్చుకోలేని ఇతర కంపెనీలకు రిజాల్వ్ నుంచి నేర్చుకోదగ్గ పాఠం ఇంకోటి ఉంది. అన్ని డిస్ట్రోలకూ సపోర్టు ఇవ్వడం అసాధ్యం అన్న వాదన పాతదే. 2000లో కోరెల్ డ్రా 9ను వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ఆధారంగా లినక్స్‌కు తెచ్చిన కోరెల్, కొద్దికాలానికే ఆ బాట వదిలేసింది. అప్పుడు ఆనుకోవడానికి స్థిరమైన పునాది లేదు. ఇప్పుడుంది. 2014 నుంచి విజువల్ ఎఫెక్ట్స్ సొసైటీ టెక్నాలజీ కమిటీ ఏటా వీఎఫ్ఎక్స్ రిఫరెన్స్ ప్లాట్‌ఫామ్ ప్రకటిస్తోంది. ఏ జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ), ఏ కంపైలర్, ఏ పైథాన్, ఏ క్యూటీ వాడాలో అందులో ఉంటుంది. 2024 పట్టికలో జీలిబ్‌సీ 2.28, పైథాన్ 3.11, క్యూటీ 6.5. మాయా, న్యూక్, హుడిని లాంటి ప్రోగ్రాములకు ఆధారం ఈ పట్టికే. దాన్ని పట్టుకుని ఒక్క రాకీకి సపోర్టు ప్రకటించి, మిగతా డిస్ట్రోలను వాడకందార్లకు వదిలేస్తే సపోర్టు ఖర్చు అదుపులో ఉంటుంది. బ్లాక్‌మ్యాజిక్ చేసింది సరిగ్గా అదే, ఉబుంటు మీద పడే తిప్పలను కమ్యూనిటీయే సర్దుకుంటోంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 సపోర్టు ముగిశాక పాత వర్క్‌స్టేషన్లను పారేయలేక లినక్స్ వైపు చూసే చిన్న స్టూడియోలు ఉన్నాయి. వాటి ముందు పెట్టడానికి అడోబీ దగ్గర లినక్స్ వీడియో ఎడిటర్ ఏదీ లేదు. ఇంత ఖాళీ స్థలం ఎవరో ఒకరు నింపకుండా ఉండరు.

డెక్‌లింక్ కార్డు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని డ్రైవర్ డీకేఎమ్ఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ తయారుచేసేది) ద్వారా కెర్నల్‌కు తగ్గట్టు కంపైల్ అవుతుంది. కెర్నల్ అప్‌డేట్ అయి, దాని హెడర్ ప్యాకేజీ రాకపోతే మర్నాడు మానిటర్ నల్లగా ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ రానివ్వదు. ప్రాజెక్టు మధ్యలో ఉన్నప్పుడు కెర్నల్ అప్‌డేట్లు ఆపేయండి.

తెలుగు టైటిళ్ల సంగతి కొనేముందే తేల్చుకోవాలి. మండలి, రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు సిస్టమ్‌లో వేసి, రిజాల్వ్‌లో టైటిళ్లు చేసే టెక్స్ట్ ప్లస్‌లో స్త్రీ, రాష్ట్రం, సామర్థ్యం అని పేస్ట్ చేసి వత్తులు చూడండి. రెండు వత్తులున్న చోటే తేడా బయటపడుతుంది. కీబోర్డుతో నేరుగా తెలుగు పడకపోతే టెక్స్ట్ ఎడిటర్‌లో కొట్టి తెచ్చుకోవాలి. అక్షరాలు విరుగుతుంటే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రాం ఇంక్‌స్కేప్‌కు వెళ్లండి. దాని పాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీలు తెలుగును సరిగ్గా పేరుస్తాయి. 3840 బై 2160 పేజీలో టైటిల్ చేసి పారదర్శక పీఎన్‌జీగా తీస్తే రిజాల్వ్‌లో నేరుగా పై ట్రాక్‌లో కూర్చుంటుంది. ఉచిత వెర్షన్ ఈ పరీక్షకు చాలు. దాంతోపాటే మీ కెమెరా ఫైలు ఒకదాన్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌లో చూసి ఆడియో పీసీఎమ్మా ఏఏసీయా తెలుసుకుని, ఆ తర్వాతే స్టూడియోకు డబ్బు కట్టండి.