సైకిల్ ఇంజిన్ కిట్: ఇంజిన్ బాగానే ఉంది, మిగతాదే తలనొప్పి

సైకిల్‌కి బిగించుకునే టూ స్ట్రోక్ ఇంజిన్ కిట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఇంజిన్ గురించి భయపడకండి, ఇంజిన్‌కీ సైకిల్‌కీ మధ్య ఉండే సామాను గురించి భయపడండి. పంక్చర్ వేసుకోవడం, బ్రేకు రబ్బర్లు మార్చుకోవడం తప్ప మరో మెకానిక్ పని ఎరగని నేను ఈ కిట్‌ని బిగించి, విప్పి, మళ్లీ బిగించి చాలాకాలంగా నడుపుతున్నాను. ఇంజిన్ నన్ను ఏడిపించింది తక్కువే. చైనూ, వెనక స్ప్రాకెట్టూ (చైను పట్టే పళ్ల చక్రం), నట్లూ పెట్టిన తిప్పలకి మాత్రం లెక్కలేదు.

ముందు పెట్టె మీద రాసిన మాట సంగతి. నా కిట్ మీద 80 సీసీ అని ఉంది. సిలిండర్ లోపలి వ్యాసం 47 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 38. లెక్క కడితే 66 సీసీ దగ్గర తేలుతుంది. దీని మీద నాకు పెద్ద కోపం లేదు, సైకిల్‌ని లాగడానికి అది చాలు. కోపమల్లా లోపల పెట్టిన కాగితం మీదే. ఇంజిన్‌ని ఫ్రేములో పెట్టండి, స్ప్రాకెట్ బిగించండి, చైను వేయండి, నడపండి అన్నట్టుంది ఆ వరస. పనంతా ఆ "బిగించండి" అన్న మాటలోనే ఉంది.

వెనక చక్రానికి ఎడమ పక్కన 44 పళ్ల స్ప్రాకెట్ వస్తుంది. దాన్ని హబ్‌కి (చక్రం నడిబొడ్డుకి) కాకుండా స్పోకులకి పట్టిస్తారు. స్పోకులకి అటొక రబ్బరు బిళ్ల, ఇటొక రబ్బరు బిళ్ల, లోపలి వైపు అర్ధచంద్రాకారం ఇనప పట్టీలు, వాటన్నిటి గుండా 9 బోల్టులు. 36 స్పోకుల చక్రమైతేనే ఆ బోల్టులు సందుల్లో సరిగ్గా పడతాయి. స్పోకులు తక్కువున్న చక్రం చేతిలో ఉంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది. బోల్టులన్నీ దిగాక చూడ్డానికి అంతా బాగానే కనిపిస్తుంది. చక్రాన్ని గాల్లో లేపి తిప్పితే తెలుస్తుంది అసలు కథ: స్ప్రాకెట్ పక్కకీ ఊగుతుంది, పైకీ కిందకీ ఊగుతుంది.

పక్కకి ఊగడాన్ని సరిచేయడం కష్టమేం కాదు. ఫ్రేము గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ కట్టి, దాని కొస పళ్లకి తగిలీ తగలనట్టు వదిలి చక్రం తిప్పాలి. టిక్ మని తగిలిన చోట స్ప్రాకెట్ బయటికి వచ్చినట్టు. అక్కడి బోల్టుని పావు చుట్టు బిగించి, ఎదురుగా ఉన్నదాన్ని కొంచెం వదలాలి. పైకీ కిందకీ ఊగడమే ప్రాణం తీస్తుంది. స్ప్రాకెట్ మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దది, దాన్ని నడిమధ్యన నిలబెట్టే ఆధారం ఏదీ లేదు. కంటిచూపుతోనే మధ్యకి తేవాలి. తేకపోతే చైను ఒకచోట తీగలా బిగుస్తుంది, అర చుట్టు తిరగ్గానే వేలాడుతుంది. నేను చివరికి హబ్ చుట్టూ పల్చటి రబ్బరు పట్టీ చుట్టి ఆ సందు నింపాను. అప్పటికి గానీ స్ప్రాకెట్ నిలబడలేదు. ఇప్పుడైతే ఈ రబ్బరు బిళ్లల జోలికే పోను, రెండు ముక్కలుగా వచ్చి హబ్‌నే పట్టుకునే అల్యూమినియం అడాప్టర్ కొంటాను. హబ్ మందం కొలిచి మరీ కొనాలి.

తర్వాత చైను. తొక్కే చైను కుడివైపు, ఇంజిన్ చైను ఎడమవైపు, రెండూ ఒకే చక్రానికి. గేర్లు లేని సైకిల్‌లో చక్రాన్ని వెనక్కి లాగి ఒక చైను సరిచేస్తే రెండోది తప్పుతుంది. అందుకని కిట్‌లో ఒక టెన్షనర్ ఇస్తారు: చిన్న చక్రం ఉన్న పట్టీ, వెనక ఫ్రేము గొట్టానికి క్లాంపుతో బిగించాలి. ఈ మొత్తం కిట్‌లో నేను అన్నిటికంటే నమ్మని వస్తువు ఇదే. ఆ గొట్టమేమో గుండ్రంగా, చివరికి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటుంది. చైను లాగుడికి క్లాంపు మెల్లగా తిరిగి స్పోకుల్లోకి పోతే వెనక చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది. నడుస్తున్న బండి మీద అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను ఇంజిన్ చైనులో లింకులు తీసి పొడవు సరిపెట్టుకుని, తొక్కే చైనులో హాఫ్ లింక్ (పొడవుని సగం లింకు మేర సరిచేసే ముక్క) వేసి టెన్షనర్‌ని పూర్తిగా తీసేశాను. చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి, అంతకంటే బిగువు వద్దు. చైను రెండు కొసల్ని కలిపే లాక్ లింక్ ఉంటుంది, దాని క్లిప్పు మూసిన వైపు చైను కదిలే దిశకి ఉండాలి. ఈ సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సైకిల్‌కి ఇంజిన్ తగిలించడం కొత్తేం కాదు. 1946లో, తర్వాత హోండా కంపెనీ పెట్టిన సోయిచిరో హోండా, సైన్యం వదిలేసిన వైర్‌లెస్ జనరేటర్ల ఇంజిన్లు తెచ్చి సైకిళ్లకి బిగించి అమ్మాడు. 1952లో వచ్చిన కబ్ ఎఫ్ కూడా సైకిల్‌కి తగిలించే ఇంజినే, దాన్ని ఆ కంపెనీ సైకిల్ షాపుల ద్వారా అమ్మించింది. అంటే కొన్నవాడి వెనక పనిముట్లున్న షాపు ఒకటి ఉండేది. ఇప్పుడు పెట్టె నేరుగా ఇంటికొస్తుంది, ఆ షాపువాడు చేసే పనంతా మన నెత్తిన పడుతుంది.

ఇక వైబ్రేషన్. సింగిల్ సిలిండర్, ఆ ఊపుని మింగే ఏర్పాటు ఏదీ లేదు, కింద సన్నటి గొట్టాల ఫ్రేము. ఊడగలిగినదల్లా ఊడుతుంది. సైలెన్సర్ నట్లు, కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) క్లాంపు, ట్యాంకు పట్టీలు, మడ్‌గార్డ్ స్క్రూ, ఆఖరికి బెల్లు మూత కూడా. కిట్‌తో వచ్చిన బోల్టులు మెత్తటి ఇనుము, కొంచెం గట్టిగా తిప్పితే మర పోతుంది, వదులుగా ఉంచితే రాలిపోతాయి. నా సలహా ఏమిటంటే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆ బోల్టులన్నీ పక్కన పడేసి మంచి రకం బోల్టులు, లోపల ప్లాస్టిక్ వలయం ఉండి వదులు కాని నైలాక్ నట్లు తెచ్చుకోండి. సైలెన్సర్ దగ్గర మాత్రం నైలాక్ వద్దు, వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది, అక్కడ స్ప్రింగ్ వాషర్ వేయాలి. సిలిండర్ హెడ్ నట్లని ఒకటి బిగించి దాని ఎదురుది బిగించే వరసలో, కొంచెం కొంచెంగా, ఎంత బిగువో చూపించే టార్క్ రించ్‌తో బిగించాలి. ముందు మౌంటు ఫ్రేము గొట్టానికి సరిపోలేదని గొట్టానికి రంధ్రం వేయమనేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి. ఫ్రేము విరిగేది ఆ రంధ్రం దగ్గరే.

పెట్రోలు సంగతి తేలికే. ఇంజిన్‌కి విడిగా ఆయిల్ ట్యాంకు లేదు, పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) లోపలి భాగాలకి తడి. కొత్తలో 16 పాళ్లకి ఒక పాలు, అంటే లీటరుకి 60 మిల్లీలీటర్ల పైచిలుకు. ఇంజిన్ అలవాటు పడ్డాక నేను 25కి ఒకటి, అంటే లీటరుకి 40 వాడుతున్నాను. పొగ వస్తోందని ఆయిల్ ఇంకా తగ్గించే ఆలోచన నాకు లేదు.

కార్బురేటర్ విషయంలో మాత్రం జుట్టు పీక్కున్నాను. సగం యాక్సిలరేటర్ దగ్గర గొణుగుతుంది, పూర్తిగా తిప్పితే ఊపందుకోదు. ప్లగ్ తీసి చూస్తే నల్లగా, తడిగా ఉంది. అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. కార్బురేటర్ లోపల పెట్రోలు దారిలో దిగే సూది ఉంటుంది, అదే నీడిల్. దాన్ని పట్టే క్లిప్పుని ఒక గాడి పైకి మారిస్తే నీడిల్ కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ఆ ఒక్క మార్పుతో సగం గొణుగుడు పోయింది, ప్లగ్ లేత గోధుమరంగుకి వచ్చింది. తెల్లగా పాలిపోతే మాత్రం వెంటనే ఆపాలి. అప్పుడు ఎక్కడో గాలి లాగుతోందని అర్థం, ఎక్కువ సార్లు అది ఇన్‌టేక్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కీ కార్బురేటర్ గొట్టానికీ మధ్య పెట్టే పల్చటి బిళ్ల) దగ్గరే ఉంటుంది. కిట్‌తో వచ్చిన ప్లగ్, ప్లగ్ క్యాప్, పెట్రోలు పైపు మూడూ మార్చేశాను. పైపైతే కొన్నాళ్లకే కర్రలా గట్టిపడింది.

మరి ఇన్ని తిప్పలకి దక్కేదేంటి? క్లచ్ పట్టి, నాలుగు తొక్కులు తొక్కి, క్లచ్ వదిలితే ఇంజిన్ అందుకుంటుంది. లోపలి గేరు, బయటి స్ప్రాకెట్లు కలిపితే ఇంజిన్ సుమారు 18 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రంతో నిమిషానికి 5000 చుట్ల దగ్గర గంటకి 34 కిలోమీటర్ల లెక్క. నేను ఆ వేగం దాటను, దాటితే హ్యాండిల్ మీద అరచేతులు తిమ్మిరెక్కుతాయి. చదును రోడ్డు మీద హాయిగా పోతుంది, ఎత్తు వస్తే కాళ్లతో సాయం పట్టాలి.

ఆఫీసుకి టైముకి చేరాలనుకునేవాళ్లు దీన్ని కొనకండి. సెలవు రోజు స్పానర్ పట్టుకుని కూర్చోవడం ఇష్టమైతే కొనండి, ముందు బ్రేకులు మార్చండి, మీ దగ్గర ఇలాంటి బండిని రోడ్డెక్కించడానికి రూల్స్ ఏమంటున్నాయో కనుక్కోండి. ఇంకోటి. ఇంజిన్ ఆపే స్విచ్ వైరు సన్నది, వైబ్రేషన్‌కి తెగితే స్విచ్ ఎంత నొక్కినా ఇంజిన్ ఆగదు. అలాంటప్పుడు యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ పట్టుకుని బండి పూర్తిగా ఆపి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. రోడ్డు మీదికి వెళ్లకముందే, ఖాళీ చోట, ఒకసారి ఇలా ఆపి చూసుకోండి.