క్యాబేజీ నారు: నేల మీద మడా, ప్రోట్రేనా?

క్యాబేజీ నారు మడిలో పోయాలా ట్రేలో పెంచాలా అంటే నా మాట ఒకటే, హైబ్రిడ్ విత్తనం కొన్నారంటే ట్రేనే. ఆ ప్యాకెట్ రేటుకి గింజ వృథా అయితే ప్రాణం ఉసూరుమంటుంది, 98 గుంతల ప్రోట్రేలో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, నింపి అర సెంటీమీటరు లోతున గుంతకో గింజ వేస్తే చాలావరకు దక్కుతాయి, పైగా తీసేటప్పుడు వేర్లు తెగకుండా మొక్క కోకోపీట్ ఉండతో సహా వస్తుంది కాబట్టి నాటాక మొక్క త్వరగా తేరుకుంటుంది. కాకపోతే కోకోపీట్‌లో బలం పెద్దగా ఉండదు, ఆకులొచ్చాక 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండేది) నీళ్ళలో పలచగా కలిపి పోయాలి, తడి కూడా రోజూ చూసుకోవాలి.

మడికి ఖర్చు తక్కువ, ఒకపూట నీళ్ళు పోయకపోయినా తట్టుకుంటుంది. 15 సెంటీమీటర్ల ఎత్తు లేపి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, గింజలు వరసల్లో పలచగా వేసుకోవాలి. కానీ సెప్టెంబర్ వానల్లో, అదీ ఒత్తుగా పోసిన మడిలో నారుకుళ్ళు వస్తే మాత్రం కష్టమండి, మొదలు దగ్గర కాడ నీరుపట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి మొక్క పక్కకి ఒరిగిపోతుంది, ఒక మూల మొదలై పక్కవాటికి పాకేస్తుంది. కనిపించగానే నీళ్ళు తగ్గించి, లీటరు నీళ్ళకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి.

ఎందులో పెంచినా 25–30 రోజులకి, నాలుగైదు ఆకులు రాగానే నాటేయండి, ముదిరిన నారుకి గడ్డ సరిగ్గా కట్టదు.