జీవులు పారిపోయే పుస్తకాల షాపు: తొమ్మిదేళ్ళ తర్వాత నా సమీక్ష

మొదటిసారి వెళ్ళొచ్చినవాళ్ళు ఈ షాపు గురించి రాసేదంతా ఒకేలా ఉంటుంది. తలుపు తియ్యగానే తల మీదుగా ఏదో ఎగిరిపోయిందట, ఫోన్ తీసేలోపు మాయమైందట. ఫోన్ తీసినా లాభం లేదు లెండి, ఫొటోలో ఖాళీ అరలే పడతాయి. నేనూ మొదటి నెలంతా నోరు తెరుచుకునే తిరిగాను. కానీ ఏ షాపు గురించైనా మోజు తీరాక చెప్పే మాటే పనికొస్తుంది. తొమ్మిదేళ్ళుగా వారానికోసారైనా వెళ్తున్నాను. కొన్న పుస్తకాలతో రెండు బీరువాలు నిండాయి, ఒక సంచి కాలిపోయింది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి ఎందుకు తగ్గిందో కింద చెప్తాను.

ముందు ఒక అపోహ తీర్చాలి. ఇక్కడ ప్రతి పుస్తకంలోంచీ జీవులు బయటికి రావు. కిటికీ పక్క అరలో పులుల మీద చాలా మంచి పుస్తకం ఉంది. ఒక్కో చారా చూసి చూసి వేసిన బొమ్మలు. ఇన్నేళ్ళలో అందులోంచి ఒక్క మీసం కూడా బయటపడలేదు. పులికి బద్ధకమేమో అనుకునేదాన్ని. మూడో ఏడాదికి గానీ సంగతి బుర్రకెక్కలేదు. ఉన్నది ఉన్నట్టు రాసిన జంతువు పేజీ దాటి రాదు. చూడకుండా రాసిందో, సగం విని మిగతా సగం అల్లుకున్నదో, అదే బయటికొస్తుంది. ఓనరు ఈ ముక్క ఎవరికీ చెప్పడు. అడిగితే "మీకూ తెలిసిపోయిందా మేడమ్" అని ఊరుకున్నాడు.

దీనికి అన్నిటికన్నా పెద్ద రుజువు కౌంటర్ పక్కనే పడుకుని ఉండే ఖడ్గమృగం. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1515లో చేసిన చెక్క అచ్చు బొమ్మ అది. ఆయన ఆ జంతువును కంటితో చూడనే లేదు. భారతదేశం నుంచి ఓడలో వచ్చి ఆ ఏడాది మే 20న లిస్బన్‌లో దిగిన ఖడ్గమృగం గురించి ఒక ఉత్తరం, ఒక గీత బొమ్మ ఆయనకు అందాయి. మిగతాది ఆయన ఊహ. దాంతో చర్మం మడతలు కవచం రేకులైపోయాయి, కాళ్ళకు పొలుసులొచ్చాయి, మెడ వెనక వీపు మీద ఇంకో చిన్న కొమ్ము మొలిచింది. యూరప్ పుస్తకాలు దాదాపు 18వ శతాబ్దం చివరిదాకా దీన్నే దించుకుంటూ పోయాయి. దగ్గరికెళ్ళి చూడండి, ఏమీ అనదు. ఒంట్లో రంగన్నది ఉండదు, అంతా సన్నటి నల్ల గీతలే. చెయ్యి వేసి నిమిరితే గీతగీతా వేళ్ళకు తగులుతుంది, చేతికి కొంచెం సిరా అంటుతుంది. లేచినప్పుడల్లా ఆ రెండో కొమ్ము అరలకు తగిలించిన అట్టముక్కల్ని పీకేస్తుంది, అందుకే ఆ వరసలో ఏ పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అసలు ఖడ్గమృగం మాత్రం పోప్‌కు కానుకగా వెళ్తూ 1516 మొదట్లో ఓడతో పాటు మునిగిపోయింది. షాపు తుడవడానికి నీళ్ళ బకెట్ తెస్తే చాలు, ఇది గోడ వైపు తిరిగి నిలబడుతుంది. బొమ్మ వేసేనాటికి ఓడ ఇంకా మునగలేదు. మరి దీనికెవరు చెప్పారో.

డైనోసార్ల వరస పిల్లలకు బాగా నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. అక్కడ ఇగ్వానోడాన్లు రెండున్నాయి, ఒకదానికొకటి పడదు. 1820ల్లో ఇంగ్లండులో దొరికిన ఎముకల్లో మొనదేలినది ఒకటుంటే, దాన్ని ముక్కు మీది కొమ్ము అనుకున్నారు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో నిలబెట్టిన ఇగ్వానోడాన్ విగ్రహాలకూ ముక్కు మీదే పెట్టారు. 1878లో బెల్జియంలో ఒక బొగ్గు గనిలో నిండు అస్థిపంజరాలు బయటపడ్డాక తేలిందేమిటంటే, అది బొటనవేలు. పాత పుస్తకంలోంచి వచ్చినది ముక్కు మీద బొటనవేలు పెట్టుకుని నాలుగు కాళ్ళ మీద బరువుగా తిరుగుతుంది. తర్వాతి కాలం పుస్తకంలోంచి వచ్చినదానికి వేలు వేలి దగ్గరే ఉంది, అందుకని దానికి కాస్త గర్వం. కానీ అది కంగారూలా నిటారుగా నిలబడి తోక నేలకీడుస్తుంది. అదీ తప్పే, వెన్ను నేలకు సమాంతరంగా పెట్టి తోక గాల్లోకి లేపి నడిచేదని ఇప్పుడంటున్నారు. అలా వేసిన కొత్త పుస్తకం కూడా అదే అరలో ఉంది. అందులోది కదలడం లేదు. "ఇది మాత్రం రాదన్నమాట" అన్నాను ఓసారి. ఓనరు దుమ్ము దులుపుతూనే "ఇప్పటికి" అన్నాడు.

మూడో వరస గురించి ఒక హెచ్చరిక. మధ్యయుగాల యూరప్ జంతు గ్రంథాల అచ్చు ప్రతులు అక్కడుంటాయి, వాటిల్లో బొనకాన్ అని ఎద్దులాంటిది ఒకటి. కొమ్ములు లోపలికి వంకర తిరిగి ఉంటాయి కాబట్టి పొడవలేదు. దాని బదులు పారిపోతూ మూడెకరాల మేర పేడ చిమ్ముతుందనీ, అది తగిలినవన్నీ కాలిపోతాయనీ ఆ పుస్తకాల్లో రాశారు. నా సంచి సంగతి ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాని ముందు తుమ్మకండి. బెదిరించకపోతే పాపం మంచిదే.

ఇక ఆ తగ్గించిన మార్కు. యూరప్ పాత చేతిరాత గ్రంథాల అంచుల్లో, ముఖ్యంగా 13వ శతాబ్దం చివర్నుంచి 14వ శతాబ్దం దాకా, కత్తి పట్టిన యోధుడు నత్తతో యుద్ధం చేస్తున్న బొమ్మలు తరచూ కనిపిస్తాయి. ఎందుకు వేశారన్న దాని మీద పండితులకే ఒక మాట కుదరలేదు. అలాంటి బొమ్మలున్న అచ్చు ప్రతిని ఒకదాన్ని ముచ్చటపడి కొన్నాను. ఇంటికెళ్ళి తెరిస్తే నత్త లేదు. యోధుడు మాత్రం కత్తి దూసి, కళ్ళు పెద్దవి చేసి, ఖాళీ కాగితం మీదికి ఉరుకుతున్నాడు. నత్త కదా, ఎంత దూరం పోతుంది, నిదానంగా వచ్చేస్తుందిలే అనుకున్నా. రాలేదు. మర్నాడు షాపుకి పరిగెత్తితే రిటర్న్ తీసుకోనన్నారు. "జీవి లోపలుందో లేదో చూసుకుని బిల్లు వేయించుకోవాలి మేడమ్" అని ఓనరు. ఆ సంగతి రాసిన కాగితం ఖడ్గమృగం వెనక గోడకు అంటించి ఉంది, ఎవరికి కనపడాలి? పదిహేడు రోజులు వెతికితే నిఘంటువుల వెనక దొరికింది. పేజీ తెరిచి పట్టుకుంటే ఎక్కడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. నాకు టెన్షన్, దానికేమో తీరిక. ఆ పేజీ మీద ఇప్పటికీ వెండి గీతలా ఒక చార ఉంది. కాబట్టి కొనేముందు ప్రతి పేజీ తిరగేయండి. బొమ్మలో ఖాళీ జాగా ఉంటే ఆగండి.

షాపు నిర్వహణకు మాత్రం వంక పెట్టలేం. తేమ 50 శాతం దాటనివ్వరు. తేమ మరీ పెరిగితే బూజు, దాని వెనకే కాగితం తినే వెండి పురుగు. ఈ షాపులో పురుగు పట్టడమంటే మామూలు నష్టం కాదు, ఒకసారి ఒక కోతి అర చెవితో బయటికొచ్చింది. కాగితాన్ని బట్టి కూడా జీవి తీరు మారుతుంది. గుడ్డ పీలికలతో చేసిన పాత కాగితం మీదివి 500 ఏళ్ళైనా గట్టిగా ఉన్నాయి. 19వ శతాబ్దం నడిమి నుంచి చెక్క గుజ్జు కాగితం వచ్చింది కదా, అందులో ఆమ్లం ఎక్కువ, ఆ కాలపు చవక పుస్తకాల జీవులు పసుపు తేలి, నడిస్తే అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. వాటిని పిల్లల చేతికివ్వరు. మంచి పని.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చకోరం. వెన్నెల తాగి బతుకుతుందని కవులు వందల ఏళ్ళుగా రాస్తూ వచ్చారు కదా, దీనికి నిజంగా వేరే తిండి లేదు. పౌర్ణమి ముందు రోజుల్లో సాయంత్రం వెళ్తే కిటికీ చెక్క మీద కూర్చుని మెడ చాపి ఎదురుచూస్తూ ఉంటుంది. నిజం చకోరం గింజలూ పురుగులూ ఏరుకు తినే కౌజు జాతి పిట్ట. పక్షుల పుస్తకంలో దాని బొమ్మ పక్క అరలోనే ఉంది, ఎన్నడూ కదల్లేదు. ఒకసారి ఆ పేజీ తెరిచి దీని ముందు పెట్టాను. కాసేపు చూసి, పేజీ మీద పడ్డ వెన్నెల తాగి, మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది. అమావాస్య రోజుల్లో మాత్రం వెళ్ళకండి, చూడలేం.

పోయిన ఏడాది ఇల్లు సర్దుతుంటే నా ఒకటో తరగతి డ్రాయింగ్ పుస్తకం దొరికింది. అందులో ఒక గుర్రం ఉంది. అప్పటికి నేను గుర్రాన్ని చూసి ఎరగను. పక్కకు తిరిగిన గుర్రానికి రెండు కళ్ళూ ఒకే వైపు పెట్టాను, కాళ్ళకు మోకాళ్ళు మర్చిపోయాను, తోక జడలా వేశాను. ఓనరుకి చూపిస్తే నవ్వలేదు. "ఒక రాత్రి ఇక్కడ ఉంచి వెళ్ళండి" అన్నాడు. మర్నాడు వెళ్ళేసరికి షాపు మధ్యలో నిలబడి ఉంది, మేకంత ఎత్తు, క్రేయాన్ గోధుమరంగు, ఒక చోట రంగు గీత దాటి గాల్లోకి పోయింది. మోకాళ్ళు లేవు కాబట్టి ఊగుతూ నడుస్తుంది. కుడి వైపు కళ్ళు లేవు కాబట్టి అటున్న ప్రతి అరనూ గుద్దుకుంటుంది.

దాన్ని ఇంకా ఇంటికి తేలేదు. వెళ్ళినప్పుడల్లా దానికి ఎడమ పక్కనే నిలబడతాను.