డైనోసార్ టిష్యూలు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పిల్లల పుట్టినరోజు సామాన్లు అమ్మే ఆ గులాబీ పరదా పేజీలో రంగు రంగుల టిష్యూలు మాత్రం కొనకండి. పేరు రాయడం లేదు, రాయనక్కర్లేదు కూడా. ప్రతి ఫోటో వెనక అదే గులాబీ పరదా, ప్రతి సందేశం మొదట్లో 'అక్కా', ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఎవరో ఒకరు పంపిన లింకు. హైదరాబాద్‌లో చిన్న పిల్లలున్న ఇళ్లలో ఈపాటికి సగం మందికి ఎవరి గురించి చెబుతున్నానో తెలిసే ఉంటుంది. మిగతా సగం మంది అడగండి, విడిగా చెబుతాను.

మా వాడికి ఐదేళ్లు నిండాయి. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూసిన రోజు నుంచి వాడికి డైనోసార్లు తప్ప వేరే లోకం లేదు. (అది పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వైపు దొరికిన ఎముకలతో నిలబెట్టింది. మన దగ్గర తిరిగిన జంతువే. చూడకపోతే పిల్లల్ని తీసుకెళ్లండి, ఈ టిష్యూల మీద పెట్టే డబ్బుకంటే సార్థకం.) కాబట్టి కేకు డైనోసార్, తోరణం డైనోసార్, టోపీలు డైనోసార్. ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి నిషేధం గనక వక్క ఆకుల ప్లేట్లు, చెక్క చెంచాలు తెచ్చాం. మిగిలింది టిష్యూలు. తెల్లవి కిరాణా కొట్లో వంద కాగితాల కట్ట యాభై అరవై రూపాయలకు వస్తుంది. అత్తయ్యగారు అదే తెమ్మన్నారు. నేను వింటానా? ఫోటోలో ఆకుపచ్చ అడవి, మధ్యలో మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్, అంచుకు బంగారు మెరుపు. మూడు పొరలు, 33 సెంటీమీటర్లు, ఇరవై టిష్యూల కట్ట 180 రూపాయలు. నాలుగు కట్టలు ఆర్డర్ ఇచ్చాను. డబ్బు ముందే పంపాలి. పంపాను. అంతవరకు నేను 'అక్కా'ని. డబ్బు అందిందన్న సందేశంలో 'మేడమ్' అయ్యాను. అప్పుడే ఏదో తట్టి ఉండాల్సింది.

పార్సిల్ పుట్టినరోజు ముందు రోజు రాత్రి వచ్చింది. బయట ఇల్లంతా బెలూన్లు, లోపల వంటగదిలో రేపటి పులిహోరకు చింతపండు నానుతోంది. కట్ట విప్పి చూసే తీరిక ఎవరికి? పైనుంచి చూస్తే బంగారు మెరుపు లేదు, ఆవాల పొడి రంగు గీత ఉంది. అచ్చులో రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక జంతువు ముఖం ఒకచోట, కొమ్ములు ఇంకోచోట. మూడు కొమ్ముల జంతువుకు ఆరు కొమ్ములు. మా వారు "కొత్త జాతి కనిపెట్టారు" అని నవ్వారు. సరే, పిల్లలు కొమ్ములు లెక్కపెట్టరులే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కేకు కోశాక అసలు సంగతి బయటపడింది. క్రీము కేకు, పిల్లలు, వేళ్లు. మీకు చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరికీ టిష్యూ ఇచ్చాం, మూతులు తుడుచుకున్నారు. తుడుచుకున్న ప్రతి మూతీ ఆకుపచ్చ. పెదవులు, బుగ్గలు, గడ్డం, ఒకరికి ముక్కు. ఎదురింటి పాప తెల్ల గౌను వేసుకుని వచ్చింది, అమ్మమ్మ కొత్తగా కుట్టించిందట. ఆ గౌను ముందు భాగమంతా అడవి దిగింది. మా వాడు మాత్రం తనే డైనోసార్ అయ్యానని గంతులు. నవ్వొచ్చే విషయమే, ఎదురుగా ఉన్న తల్లుల ముఖాలు చూడకపోతే. "ఇది నోట్లోకి పోతే ఏమవుతుంది?" అని ఒకావిడ నెమ్మదిగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కట్ట తిప్పి చూస్తే తయారు చేసినవాళ్ల పేరు లేదు, ఊరు లేదు, ఎన్ని కాగితాలో లేదు, ధర లేదు, ఫిర్యాదుకు నంబరు లేదు. పారదర్శకమైన కవరు, లోపల కాగితం. అంతే. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవన్నీ ఉండాలని తూనికలు కొలతల శాఖ నిబంధనలు 2011 నుంచి చెబుతూనే ఉన్నాయి. చెబుతున్నది ఎవరికో మరి.

చివరికి అత్తయ్యగారే కొబ్బరినూనె సీసా తెచ్చి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, దూదితో తుడిచారు. పోయింది, చాలావరకు. గౌనుది పోలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఇక్కడిదాకా నాకు కోపం లేదు. అచ్చు చెడిపోవడం ఎక్కడైనా జరుగుతుంది. మర్నాడు ఆ పేజీవాళ్లకు ఫోన్ చేశాను, ఫోటోలు పంపానని, చూశారా అని మర్యాదగానే అడిగాను. అవతల ఆ అమ్మాయి అన్న మాటలు యథాతథంగా రాస్తున్నాను, ఒక్క అక్షరం కూడా కలపలేదు.

"చూశాను మేడమ్. కానీ అవి తుడుచుకునేవి కావు కదా."

నేను సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. టిష్యూలు తుడుచుకునేవి కాకపోతే ఎందుకమ్మా అని.

"డెకరేషన్ కోసం. టేబుల్ మీద పెడితే ఫోటోల్లో బాగుంటాయి. పిల్లల మూతులు తుడవడానికి తెల్లవి విడిగా తెచ్చుకుంటారు అందరూ. మీకు తెలియదనుకోలేదు."

ఆ చివరి ముక్క ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. మీకు తెలియదనుకోలేదు. నిజమే, నాకు తెలియదు. టిష్యూ తుడుచుకోవడానికి కాదని, ప్లేటు తినడానికి కాదని, రేపు గ్లాసు తాగడానికి కాదని చెబితే అదీ నాకు కొత్తే. తెలియక పెరిగినదాన్ని. ఆమె ఆ మాట అన్నప్పుడు వెనక ఎవరో నవ్వడం కూడా వినిపించింది. టీవీలో నవ్వు అనుకుందామని చాలా ప్రయత్నించాను.

పేజీలో 'డెకరేషన్' అన్న మాటే లేదని చెప్పాను. ఆ వస్తువు ఫోటోలోనే ఒక బాబు చేతిలో టిష్యూ, పక్కన కేకు ముక్క ఉన్నాయని గుర్తు చేశాను. దానికి సమాధానం లేదు. కాస్త ఆగి ఇంకో మాట అంది: "భయపడకండి, అది ఫుడ్ కలరే. ఏమీ కాదు."

తుడుచుకోవడానికి పనికిరాదు గానీ, తిన్నా ఫరవాలేదట!

సిరా గురించి నాకు పెద్ద జ్ఞానం లేదు. అయితే న్యూస్‌పేపర్లలో బజ్జీలు, పకోడీలు చుట్టివ్వవద్దని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా చెప్పింది సిరా ఒంట్లోకి పోతుందనే కదా. తోపుడు బండి దగ్గర వద్దన్న సిరా, ఊరూ పేరూ లేని కట్టలో వస్తే పిల్లల పెదవులకు పనికొస్తుందా? ఫుడ్ కలర్ అనడానికి ఏదైనా కాగితం చూపించమన్నాను. "మాకు పైనుంచి అలాగే వస్తుంది" అంది. ఏ పైనుంచో చెప్పలేదు.

సరే, వాపసు సంగతి అడిగాను. అప్పుడొచ్చింది అసలు ఆయుధం: పార్సిల్ విప్పుతున్నప్పటి వీడియో ఉందా? పెట్టె కత్తిరించే చోటి నుంచి ఆగకుండా తీసిన వీడియో ఉంటేనే ఫిర్యాదు వింటారట. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉందట, చూశాను, ఉంది. కానీ ఆలోచించండి. వీడియోలో రంగు ఎలా అంటుతుంది? మూతి తుడిస్తే కదా అంటుకునేది! పార్సిల్ విప్పే వీడియోలో నేను పిల్లాడి మూతికి కేకు పూసి తుడిచి చూపించాలా? ఈ ప్రశ్న అడిగాను. ఫోన్ పెట్టేసింది.

కోపంతో పేజీలో ఆ టిష్యూల ఫోటో కింద ఆకుపచ్చ మూతి ఫోటో ఒకటి పెట్టి, ఏం జరిగిందో రాశాను. ముఖం కనిపించకుండా మూతి, గడ్డం మాత్రమే. అదీ మా వాడిదే. కాసేపటికి నా వ్యాఖ్య లేదు. ఇంకాసేపటికి నాకు ఆ పేజీయే లేదు. అంతకుముందు ఒకావిడ రాసిన "రంగు పోతోంది, గమనించగలరు" అన్న వ్యాఖ్య కూడా ఇప్పుడు లేదని మా చెల్లెలు తన ఫోన్లో చూసి చెప్పింది. అంటే ఇది ఒక్క కట్ట లోపం కాదు, వాళ్లకు తెలిసే అమ్ముతున్నారు. నాకు బాగా మండింది అక్కడే. అక్కడ కనిపించే నక్షత్రాలు, మెచ్చుకోళ్లు ఎలా నిలబడ్డాయో ఇప్పుడు అర్థమైంది. మెచ్చుకున్నవి ఉంచి మిగతావి ఊడ్చేస్తే ఎవరికైనా ఐదు నక్షత్రాలే.

న్యాయంగా ఒకటి చెప్పాలి. అదే పేజీలో తీసుకున్న డైనోసార్ తోరణం బాగానే ఉంది, ఇంకా గోడకే వేలాడుతోంది. టోపీలూ బాగున్నాయి. కుండల మీద, సీసాల మీద రంగు టిష్యూలు అతికించి బొమ్మలు చేసేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఈ సరుకు పనికిరావచ్చు. ఆ మాట పేజీలో రాసి అమ్మితే గొడవే లేదు. పిల్లాడి చేతిలో పెట్టి ఫోటో తీసి అమ్మి, తర్వాత అలంకరణకే అనడం దబాయింపు.

ఇంకో మోసం తర్వాత టేపు పెట్టి కొలిచాక తెలిసింది. 33 సెంటీమీటర్లు అన్నారు కదా. పూర్తిగా విప్పితే 25 ఉంది, అంటే చిన్న పార్టీలలో పానీయాల గ్లాసు కింద పెట్టే రకం. మూడు పొరలన్నారు. గోటితో అంచు విడదీసి చూస్తే ఒకటే పొర. ఇది తెలిశాక రంగు ఎందుకు పోయిందో కూడా అర్థమైంది. మంచి రకాల్లో బొమ్మ పై పొర మీదే ఉంటుంది, లోపలి పొరలు తెల్లగా ఉంటాయి, ఆ తెల్ల వైపుతో తుడిస్తే మూతికి రంగు తగలదు. ఒకటే పొర అయితే బొమ్మ రంగు అటూ ఇటూ రెండు వైపులా దిగుతుంది, ఎటు తిప్పి తుడిచినా రంగే.

కొట్టు మూసేసి నెట్టింట్లోకి మారిన ప్రతివాళ్లూ 'వాపసు లేదు' అన్న రెండు మాటలే చట్టం అనుకుంటున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం అక్రమ వ్యాపార పద్ధతులే. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లోనూ ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోవాలనే ఉంది. వీడియో ఉంటేనే అని ఆ చట్టంలో ఎక్కడా చదవలేదు. నాకు బిల్లు ఇవ్వలేదు, వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు ఒకటి పంపారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, నంబరు ఇచ్చారు. 720 రూపాయలకు ఇంత గొడవా అని మా వారు అంటున్నారు. గొడవ 720 గురించి కాదని ఆయనకు చెప్పాను, ఎదురింటివాళ్లకు గౌను కొనివ్వాల్సిన డబ్బు ఇందులో కలపలేదనీ చెప్పాను.

కొనేవాళ్లకు నాలుగు మాటలు, చెప్పక తప్పదు గనక. ఎక్కడ కొన్నా ముందు ఒక్క కట్టే తెప్పించండి, పార్టీకి వారం ముందు. ఒక కాగితం తీసి మూల తడిపి తెల్ల రుమాలు మీద రుద్దండి, తర్వాత నూనె చుక్క వేసి రుద్దండి. రుమాలు తెల్లగా ఉంటే పిల్లల మూతీ తెల్లగా ఉంటుంది. కొలత అడిగేటప్పుడు విప్పితే ఎంత, మడిస్తే ఎంత అని రెండూ అడగండి. బేగం బజార్‌లో అయితే చేత్తో పట్టుకుని, అంచు విడదీసి, పొరలు చూసి కొనొచ్చు, ఎవరూ ఏమనరు. మరీ తొందరైతే రంగువి టేబుల్ మీద పెట్టి తెల్లవి పిల్లల చేతికి ఇవ్వండి. అదే కదా ఆ అమ్మాయి చెప్పింది అంటారేమో! ఆమె డబ్బు తీసుకోకముందు చెప్పి ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

విప్పని కట్టలు రెండు మా ఇంట్లో ఉన్నాయి. ఎవరికైనా సీసాల మీద అతికించే పని ఉంటే వచ్చి తీసుకెళ్లండి, డబ్బు వద్దు. 1915 వాళ్ల నుంచి కబురొస్తే కింద రాస్తాను.