మా లడ్డూకి ఎన్రోఫ్లాక్సాసిన్ చుక్కలు: మూడేళ్ల వాడకం తర్వాత

లడ్డూ మా అమ్మాయి పెంచుకునే వైట్స్ ట్రీ ఫ్రాగ్ అనే చెట్టు కప్ప. డాలస్‌లో మా ఇంటికి వచ్చిన మూడేళ్లలో దానికి మూడుసార్లు బ్యాక్టీరియాని చంపే ఈ యాంటీబయాటిక్ మందు వేశాను. రెండుసార్లు పనిచేసింది, ఒకసారి చెయ్యలేదు.

మొదటిసారి తొడల లోపల, పొట్ట కింద ఎర్రగా కమిలింది. తిండి మానేసింది. డాక్టరు రెడ్ లెగ్ అనే జబ్బన్నారు. ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే ఇలా అవుతుందట. తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్‌లో చెబితే, "కప్పకి యాంటీబయాటిక్ ఏంట్రా!" అని ఒకటే నవ్వు. నాకేమో దాని నోరు ఎలా తెరవాలా అని టెన్షన్. తెరవక్కర్లేదు. నీళ్లు పీల్చుకునే ఆ చర్మమే మందునీ పీల్చుకుంటుంది. రోజుకోసారి వీపు మీద చుక్కలు వేశాం. నాలుగో రోజుకి ఎరుపు తగ్గింది, ఎనిమిదో రోజు కీచురాయిని పట్టుకుంది. పది రోజులూ ఆపకుండా వేశాం.

చిక్కంతా కొలతలోనే. కిలో బరువుకి 5 నుంచి 10 మిల్లీగ్రాముల లెక్క. లడ్డూ 42 గ్రాములు, అంటే ఎక్కువలో ఎక్కువ 0.42 మిల్లీగ్రాములు. కుక్కలకి వాడే ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకి 22.7 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులోంచి మిల్లీలీటరులో యాభయ్యో వంతు తీయాలి, ఏ సిరంజితో తీస్తాం? పైగా చిక్కటి మందు చర్మాన్ని మండిస్తుంది. అందుకే డాక్టరే పలచన చేసి ఇచ్చారు.

మందుకంటే ఎక్కువ అక్కరకొచ్చింది 0.1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా. రెండోసారి ముక్కు గాజు తొట్టి గోడకి రాసుకుని పుండు పడితే, బరువు 3 గ్రాములు తగ్గడం చూసే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. చుక్కలతోపాటు పుండుకి రాసే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ ఇచ్చారు. మన ఇళ్లలో ఉండే, నొప్పి తగ్గించే మందు కలిసిన ఆయింట్‌మెంట్లు కప్పకి రాయొద్దని గట్టిగా చెప్పారు.

మందు వేసినన్నాళ్లూ లడ్డూని తడి పేపర్ టవల్ పరిచిన డబ్బాలో ఉంచి, టవల్ రోజూ మార్చాలి. కుళాయి నీళ్లు రాత్రంతా పట్టి ఉంచినా వాటిని శుద్ధి చేయడానికి కలిపే క్లోరమైన్ పోదు, దాన్ని విరిచే డీక్లోరినేటర్ మందు కలపాల్సిందే. గ్లోవ్స్ పౌడర్ లేనివే.

మూడోసారి తప్పు నాదే. చర్మం పొరలుగా ఊడుతూ మళ్లీ ఎర్రబడితే, పాత సీసాలో మిగిలింది వేసేశాను. ఐదు రోజులు వృథా. చర్మం మీద దూదిపుల్లతో తుడిచి చేసే స్వాబ్ పరీక్షలో, కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ అని తేలింది; దాని మీద ఈ మందు పనిచెయ్యదు. ఫంగస్‌ని చంపే ఇట్రాకొనజోల్ మందు కలిపిన నీళ్ల స్నానాలతో బతికింది. ఆ పరీక్షకి లడ్డూని కొన్నదానికంటే ఎక్కువైంది. ఇంకోసారి ఎర్రబడితే మాత్రం ముందు ఆ పరీక్షే చేయిస్తాను.